అలైలో విండోస్ తీసి బజైట్ వేసిన పని: పర్లాకిమిడి షాపు నుంచి ఒక కేస్ స్టడీ

పర్లాకిమిడిలో నాది కంప్యూటర్ రిపేరు షాపు. వచ్చేవన్నీ ప్రింటర్లు, బిల్లింగ్ మిషన్లు, కీబోర్డు మీద టీ ఒలికిన లాప్‌టాప్‌లే. చేత్తో పట్టుకుని ఆడుకునే గేమింగ్ పీసీలు, అంటే హ్యాండ్‌హెల్డ్‌లు, ఈమధ్యే కనబడుతున్నాయి. అవి కూడా విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మేనమామో, బెంగళూరులో ఉన్న అన్నో కొనిచ్చినవి. వాటిలో అలై అనే ఒకదానిలో విండోస్ తీసేసి బజైట్ వేసిన పని మొత్తం ఇక్కడ రాస్తున్నాను. బజైట్ అంటే విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో గేముల కోసం చేసిన ఒక రకం. "లినక్స్ వేస్తే ఎఫ్‌పీఎస్ ఎంత పెరుగుతుంది" అని అందరూ అడుగుతారు. ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి తెర మీద ఎన్ని బొమ్మలు మారతాయన్న లెక్క. ఈ కేసులో మాత్రం తలనొప్పంతా ఎఫ్‌పీఎస్ దగ్గర కాదు, గేములు ఎక్కడ పెట్టాం, ఎలా తెచ్చాం అన్న దగ్గరే వచ్చింది.

మిషను అసూస్ ఆర్ఓజీ అలై, 2023లో వచ్చిన మొదటి మోడల్. రైజెన్ జెడ్1 ఎక్స్‌ట్రీమ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 7 అంగుళాల 1080పీ తెర, 120 హెర్ట్జ్, 40 వాట్-అవర్ బ్యాటరీ. దాని యజమాని గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు. ఇల్లు మా ఊళ్ళోనే. సెలవు దొరికితే గుణుపురం రైలెక్కి వచ్చేస్తాడు.

"అన్నయ్యా, స్లీప్‌లో పెట్టి బ్యాగులో వేస్తన్నాను. ఇంటికొచ్చి తీసేసరికి బ్యాగంతా వేడి. ఛార్జింగ్ సగం కూడా ఉండట్లేదు" అన్నాడు. ఇంకా, గేమ్ మధ్యలో విండోస్ నోటిఫికేషన్ వస్తే వేలితో తాకి మూయాలి, పాస్‌వర్డ్ అడిగితే తెర మీద కీబోర్డు ఒక్కోసారి రాదు, ఒక్కో లాంచర్ ఒక్కో అప్‌డేట్ అడుగుతుంది. అన్నీ చెప్పి, "స్టీమ్ డెక్‌లాగ చేసి ఇచ్చేయ్" అన్నాడు. స్టీమ్ డెక్ అంటే వాల్వ్ కంపెనీ వాళ్ల లినక్స్ హ్యాండ్‌హెల్డ్, స్టీమ్ వాళ్ల ఆన్‌లైన్ గేముల దుకాణం.

వాళ్ల నాన్నగారు కూడా వచ్చారు. ఆయన సందేహం వేరే. "ఇదేటి బావూ, డబ్బులివ్వక్కర్లేదంతన్నాడు మావోడు. దొంగ సాఫ్ట్‌వేరు కాదు గదా?" ఫ్రీ అనగానే మా వైపు చాలామందికి మొదట వచ్చే అనుమానం ఇదే, తప్పేం లేదు. విండోస్ డబ్బులు మిషను ధరలోనే కట్టేశారని, దాన్ని తీసేసినా లైసెన్సు ఎక్కడికీ పోదని, లినక్స్ అసలు పద్ధతే ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చన్నదని చెప్పాను. "అయితే పర్లేదు" అని బజారు పనికి వెళ్లిపోయారు.

ముందు గేముల లిస్టు

ఏ హ్యాండ్‌హెల్డ్ వచ్చినా నేను బయాస్ (మిషను ఆన్ అవగానే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) తెరవకముందే గేముల లిస్టు అడుగుతాను, కాగితం మీద. "అన్నీ ఆడతాను" అంటే ఒప్పుకోను. నిజంగా ఆడేవి, ఆడాలని కొనిపెట్టుకున్నవి, స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడేవి విడివిడిగా రాయించుకుంటాను.

ఎందుకంటే లినక్స్‌లో విండోస్ గేమ్ నడవడం ఇప్పుడు పెద్ద వింత కాదు. విండోస్ గేముల్ని లినక్స్‌లో నడిపించే ప్రోటాన్‌ని వాల్వ్ కంపెనీ 2018లో తెచ్చింది. వైన్ అనే పాత ప్రాజెక్టు దానికి పునాది. గేమ్ డైరెక్ట్‌ఎక్స్ భాషలో అడిగినదాన్ని డీఎక్స్‌వీకే, వీకేడీ3డీ-ప్రోటాన్ అనే రెండు లైబ్రరీలు వల్కన్ అనే ఇంకో భాషలోకి మార్చి గ్రాఫిక్స్ చిప్‌కి అందిస్తాయి. మధ్యలో విండోసే ఉండదు. ఒంటరిగా ఆడే గేముల్లో అత్యధిక భాగం ఇలా నడిచిపోతాయి. అడ్డం పడేది ఆన్‌లైన్ గేముల్లోని యాంటీ-చీట్, అంటే మోసం చేసి ఆడేవాళ్లని పట్టుకునే ప్రోగ్రామ్. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ 2021 నుంచే ప్రోటాన్‌తో పనిచేయగలవు, కానీ గేమ్ తయారుచేసిన కంపెనీ ఒప్పుకుని ఆన్ చేయాలి. ఆ స్విచ్ మన చేతిలో లేదు, నా చేతిలో అసలే లేదు.

కుర్రాడి లిస్టు పక్కన నేను రాసినవి ఇవి. ఎల్డెన్ రింగ్: యాంటీ-చీట్ ఉన్నా నడుస్తుంది. హేడిస్, హాలో నైట్: ఏ బెంగా లేదు. కౌంటర్-స్ట్రైక్ 2: లినక్స్‌కే సొంత వెర్షన్ ఉంది. పుణె వాళ్లు చేసిన రాజీ: ప్రోటాన్‌లో పెడదాం. జీటీఏ 5: కథ మోడ్ అయితే సరే. ఆన్‌లైన్‌లో 2024 సెప్టెంబర్‌లో బ్యాటిల్‌ఐ పెట్టారు, లినక్స్‌కి ఆన్ చేయలేదు, కాబట్టి కుదరదు. అపెక్స్ లెజెండ్స్: అంతకుముందు నడిచేదే, 2024 అక్టోబర్ 31న లినక్స్‌ని ఆపేశారు. వాలరెంట్: దాని యాంటీ-చీట్ వాన్‌గార్డ్ విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ లోపల కూర్చునే రకం, లినక్స్‌కి లేనే లేదు.

వాలరెంట్ దగ్గర కుర్రాడి ముఖం మారింది. కాసేపు ఆలోచించి, "అది ఎలగూ హాస్టల్లో ఫ్రెండు లాప్‌టాప్ మీదే ఆడతాను, దీంట్లో మౌస్ లేకుండా చచ్చిపోవడమే" అన్నాడు. జీటీఏ ఆన్‌లైన్ మానేసి చాలా రోజులైందట. ఈ రెండు సమాధానాలు వచ్చాకే పని ఒప్పుకున్నాను. అపెక్స్ అతని లిస్టులో "ఆడాలని కొనిపెట్టుకున్నవి" కింద ఉంది. ఆ గేమ్ ఫ్రీ, కొనేదేం లేదు. ఆ గీత కొట్టేశాం.

ఒక్కో గేమ్ ఎలా నడుస్తుందో ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో ఆడినవాళ్లు రాసినవి ఉంటాయి, వాటిని బట్టి ఒక్కో గేమ్‌కి ప్లాటినం లాంటి పతకం ఇస్తారు. నేను పతకం రంగు చూసి వదిలేయను, ఈ మధ్య రాసినవి, అందులోనూ హ్యాండ్‌హెల్డ్ మీద ఆడినవాళ్లు రాసినవి చదువుతాను. రెండేళ్ల కిందటి ప్లాటినం ఈరోజు యాంటీ-చీట్ మారితే ఎందుకూ పనికిరాదు.

తుడిచేముందు విండోస్‌లోనే చేసిన పనులు

మొదటిది ఫర్మ్‌వేర్, అంటే మిషను భాగాల లోపలే ఉండే సాఫ్ట్‌వేర్. అలై బయాస్‌ని పెన్‌డ్రైవ్‌తో బయాస్ లోపలి నుంచే అప్‌డేట్ చేసుకోవచ్చు. కానీ బటన్లు, స్టిక్కులు చూసుకునే కంట్రోలర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ విండోస్ నుంచే వస్తుంది. స్లీప్ సరిగ్గా పడాలంటే ఆ ఫర్మ్‌వేర్ కొత్తది ఉండాలి. విండోస్ తుడిచేశాక గుర్తొస్తే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ముందు అన్ని అప్‌డేట్‌లూ పూర్తి చేశాను.

రెండోది బిట్‌లాకర్ కీ, అంటే డిస్క్‌కి విండోస్ వేసిన తాళం తెరిచే నంబరు. విండోస్ 11లో చాలామందికి తెలియకుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. బయాస్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సిస్టమ్‌నే మొదలవనిచ్చే సెట్టింగు) జోలికి వెళ్లగానే 48 అంకెల కీ అడిగి కూర్చుంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి ఆ కీ తీసి కాగితం మీద రాసిపెట్టుకున్నాం.

మూడోది సేవ్‌లు, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిన ఫైళ్లు. స్టీమ్ క్లౌడ్ ఉన్న గేములకు బెంగ లేదు. లిస్టులో ఒక చిన్న గేమ్‌కి క్లౌడ్ లేదు, అతను అందులోనే అన్నిటికంటే ముందుకు వెళ్లి ఉన్నాడు. ఆ సేవ్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి తీశాను. లినక్స్‌లో ప్రతి గేమ్‌కీ ప్రోటాన్ ఒక ఉత్తుత్తి సి డ్రైవ్ కట్టి పెడుతుంది. కంపాట్‌డేటా ఫోల్డర్‌లో ఆ గేమ్ నంబర్ కింద అది ఉంటుంది, లోపల యూజర్ పేరు "స్టీమ్‌యూజర్". గేమ్‌ని ఒకసారి తెరిచి మూస్తే ఫోల్డర్లు తయారవుతాయి, అప్పుడు సేవ్‌ని సరిగ్గా అదే దారిలో పెడితే సరిపోతుంది.

బజైట్ ఎందుకు

వాల్వ్ వాళ్ల స్టీమ్ఓఎస్ ఆర్చ్ లినక్స్ మీద కట్టినది. ఈ ఆర్చ్ రూపం 2022లో స్టీమ్ డెక్‌తో వచ్చింది. 2025 మేలో వచ్చిన 3.7 వెర్షన్‌తో వేరే కంపెనీల ఏఎండీ హ్యాండ్‌హెల్డ్‌లకూ తలుపు తెరిచింది. అయినా అలైకి నేను బజైట్‌నే ఎంచుకున్నాను. అది ఫెడోరా అనే ఇంకో లినక్స్ రకం మీద కట్టినది. తెర మీద కనబడేది అదే స్టీమ్ గేమింగ్ మోడ్, కింద గేమ్‌ని తెర మీదికి పంపే ప్రోగ్రామ్ కూడా అదే గేమ్‌స్కోప్. నేను వేసినప్పుడు హ్యాండ్‌హెల్డ్ డీమన్ అనే ప్రోగ్రామ్ అందులో ముందే ఉంది. వెనక బటన్లు, వాట్ల పరిమితి, బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపడం అన్నీ దాని మెనూలోనే దొరికాయి. అంతకంటే నాకు ముఖ్యమైనది, సిస్టమ్ మొత్తం ఒకే ఇమేజ్‌గా, అంటే ఒకే ముద్దగా, అప్‌డేట్ అవుతుంది, పాత ఇమేజ్ పక్కన అలాగే ఉంటుంది. కొత్తది తేడా చేస్తే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని వెనక్కి వెళ్లొచ్చు. గుణుపురంలో ఉన్న కుర్రాడికి ఫోన్లో చెప్పి చేయించగలిగే రిపేరు అదొక్కటే.

ఇన్‌స్టాల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఈ మోడల్‌కి టైప్-సి పోర్టు ఒక్కటే. ఛార్జరు, పెన్‌డ్రైవ్, కీబోర్డు మూడూ ఒకేసారి కావాలంటే హబ్ తప్పదు. వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కిపట్టి పవర్ నొక్కితే బయాస్. ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి బూట్‌లో నీలం తెర వస్తే భయపడి ఆపేయకూడదు, అది సెక్యూర్ బూట్‌కి కీ ఎక్కించే తెర.

వాట్ల లెక్క

బ్యాటరీ విషయంలో కుర్రాడికి ఒక భాగహారం నేర్పాను. బ్యాటరీ 40 వాట్-అవర్లు. మిషను మొత్తం మీద 20 వాట్లు తింటే రెండు గంటలు, 13 వాట్లు తింటే మూడు గంటలు. లినక్స్ వేసినంత మాత్రాన ఈ లెక్క మారదు. మాంగోహడ్ అనే చిన్న పట్టీ తెర మూలన పెడితే ఎన్ని వాట్లు పోతున్నాయో ఆడుతుండగానే కనబడుతుంది. అతను విండోస్‌లో అన్ని గేములూ ఎక్కువ వాట్లు తినే టర్బో మోడ్‌లోనే ఆడేవాడు. హాలో నైట్‌కి టర్బో ఎందుకు? ఆ గేమ్‌కి ప్రాసెసర్ పరిమితిని బాగా కిందికి దించినా తెర మీద తేడా తెలియలేదు, ఫ్యాను చప్పుడు మాత్రం పోయింది.

ఎల్డెన్ రింగ్‌కి 40 ఎఫ్‌పీఎస్ దగ్గర కట్టేశాను. 30 దగ్గర ఒక్కో ఫ్రేమ్‌కి 33.3 మిల్లీసెకన్లు, 60 దగ్గర 16.7. ఆ రెండిటికీ సరిగ్గా మధ్యన ఉండేది 25, అంటే 40 ఎఫ్‌పీఎస్. చేతికి తెలిసే చురుకుదనంలో సగం దారి, ఖర్చయ్యే కరెంటులో 60 కంటే బాగా తక్కువ. పైగా ఈ తెర 120 హెర్ట్జ్, 40 దాన్ని సమంగా భాగిస్తుంది, కాబట్టి కుదుపు ఉండదు. "నలభైయేనా అన్నయ్యా" అని నసిగాడు. పట్టీ కనబడకుండా చేసి ఇచ్చాను, ఆడుతూ కూర్చున్నాడు, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

బ్యాగులో వేడెక్కే సంగతి. ఈ మిషన్లలో పాత లాప్‌టాప్‌లలాంటి పూర్తి నిద్ర ఉండదు, సగం మెలకువతో పడుకునే రకం. విండోస్‌లో ఏదో అప్‌డేటో, ఇంకేదో పనో దాన్ని లేపేస్తుంటుంది. లినక్స్‌లోనూ నిద్ర అదే రకం, లేపేవాళ్లు తక్కువ. రాత్రి షాపు మూసేటప్పుడు గేమ్ మధ్యలో స్లీప్‌లో పెట్టి పొద్దున్న చూశాను. ఛార్జింగ్ కొద్దిగా తగ్గింది, చల్లగా ఉంది, గేమ్ ఆపిన చోటే ఉంది. రైల్లో కూడా అలాగే ఉందని తర్వాత చెప్పాడు.

కార్డు దగ్గర చిక్కు

ఇక్కడిదాకా సాఫీగానే నడిచింది. కొన్నాళ్లకి ఫోను. "అన్నయ్యా, గేములు తెరుచుకోట్లేదు. ప్లే నొక్కితే రెండు సెకన్లు స్టాప్ అని చూపించి మళ్లీ ప్లే అయిపోతంది." ఇదొక్క వాక్యం చాలు, ప్రోటాన్ మొదలై వెంటనే చనిపోతోందని. అన్ని గేములా, కొన్నేనా అని అడిగాను. కొన్నే. అవన్నీ ఎక్కడున్నాయి? "కార్డులో."

ఆ కార్డు సంగతి నేను ఇన్‌స్టాల్ చేసినప్పుడు లేదు. పక్కనే పాతపట్నంలో వాళ్ల పెదనాన్న కొడుకు ఉన్నాడు, అతని దగ్గర విండోస్ డెస్క్‌టాప్ ఉంది. ఇంట్లో నెట్ అంతంత మాత్రమే కాబట్టి కుర్రాడు 512 జీబీ మైక్రోఎస్‌డీ కార్డు కొని, ఆ పాతపట్నం అన్నయ్య కంప్యూటర్లోంచి గేములు ఎక్కించుకుని తెచ్చి అలైలో పెట్టాడు. బజైట్‌లో స్టీమ్ లైబ్రరీగా జోడిస్తే గేములన్నీ కనబడ్డాయి, కొన్ని రోజులు నడిచాయి కూడా. తర్వాత ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అలై అనగానే కార్డ్ రీడర్ మీద అనుమానం రావడం సహజం. ఎక్కువ వేడిలో రీడర్ సరిగ్గా పనిచేయకపోవచ్చని 2023లో అసూస్ సంస్థే ప్రకటించింది. అందుకే ముందు ఫైళ్లు చదివి చూశాను. పెద్ద ఫైలు మొదటి నుంచి చివరిదాకా ఏ ఎర్రరూ లేకుండా కాపీ అయింది. రీడర్ బాగానే ఉంది. తర్వాత కార్డులోకి ఒక ఖాళీ ఫైలు రాయబోతే కుదరలేదు. కార్డు చదవడానికి మాత్రమే తెరుచుకుని ఉంది.

కారణం ఎన్‌టీఎఫ్‌ఎస్, అంటే ఫైళ్లు దాచుకోవడానికి విండోస్ వాడే ఫార్మాట్. విండోస్‌లో ఎజెక్ట్ కొట్టకుండా కార్డు లాగేస్తే దాని మీద "సరిగ్గా మూయలేదు" అన్న గుర్తు పడుతుంది. అలాంటి కార్డుని లినక్స్ ఒక్కోసారి తెరవనే తెరవదు, తెరిచినా రాయనివ్వదు. రాయలేకపోతే ప్రోటాన్ తన ఉత్తుత్తి సి డ్రైవ్ కట్టుకోలేదు, ఇక గేమ్ ఎక్కడ మొదలవుతుంది?

విండోస్‌లో డిస్క్ చెక్ చేయించి ఆ గుర్తు చెరిపేస్తే మళ్లీ నడుస్తాయి. చాలామంది అక్కడే ఆగిపోతారు. లోపల ఇంకో చిక్కు ఉంది. ప్రోటాన్ కట్టే ఫోల్డర్‌లో సి అక్షరం పక్కన కోలన్ ఉన్న ఒక లింకు ఉంటుంది. లినక్స్‌కి కోలన్ ఏ అభ్యంతరమూ కాదు. విండోస్‌కి ఫైలు పేరులో కోలన్ నిషిద్ధం. అదే కార్డు తీసుకెళ్లి విండోస్ మిషన్లో పెడితే దానికి అది పాడైన పేరులా కనబడుతుంది, డిస్క్ చెక్ దాన్ని "బాగుచేసి" పారేస్తుంది. మళ్లీ అలైలో పెడితే గేమ్ తెరుచుకోదు. ఇతను పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య కార్డు తిప్పుతున్నంత కాలం ఈ తంతు ఆగదు.

ఎక్స్‌ఫ్యాట్ చేస్తే రెండు వైపులా పనిచేస్తుంది కదా అని అడిగాడు. అందులో ఆ లింకులు పెట్టడానికే వీల్లేదు. కంపాట్‌డేటా ఒక్కటీ ఎస్ఎస్‌డీ మీదికి మళ్లించి ఎన్‌టీఎఫ్‌ఎస్‌నే ఉంచే ఉపాయం కూడా ఒకటుంది. నా సొంత మిషన్ మీదైతే చేసుకుంటాను. కస్టమరుకి మాత్రం చేయను, ఎందుకంటే వచ్చే అప్‌డేట్‌కి ఏం విరిగిందో అతనికి అర్థం కాదు, నాకు ఫోన్లో చెప్పలేడు.

కాబట్టి కార్డుని లినక్స్ ఫార్మాట్ అయిన ఈఎక్స్‌టీ4 చేయాల్సిందే. గేములని షాపు కంప్యూటర్లోకి దించాను. గేమ్ ఫోల్డర్లతో పాటు, స్టీమ్‌యాప్స్‌లో ప్రతి గేమ్‌కీ ఉండే చిన్న మ్యానిఫెస్ట్ ఫైలు కూడా తీయాలి. అది లేకపోతే స్టీమ్ గేమ్ లేదనుకుని మొత్తం మళ్లీ డౌన్‌లోడ్ మొదలుపెడుతుంది. పాత కంపాట్‌డేటాని కావాలనే వదిలేశాను, అందులో చితికిపోయిన లింకులే ఉన్నాయి. ముందు దాంట్లో సేవ్‌లు మాత్రం ఏరి తీశాను. కార్డు ఫార్మాట్ చేసి, గేములు తిరిగి పెట్టి, ఒక్కోదానికీ ఫైళ్లు సరిచూసే ఆప్షన్ నొక్కాను. అక్కడక్కడ కొద్ది ఎంబీలు దిగాయి, అంతే. ఈ పని మొదటి ఇన్‌స్టాల్ కంటే ఎక్కువ సేపు పట్టింది.

మరి గేములు ఎలా తెచ్చుకోవాలి

ఈఎక్స్‌టీ4 కార్డుని పాతపట్నం అన్నయ్య విండోస్ చదవలేదు. ఇంట్లో చూస్తే మొబైల్ హాట్‌స్పాటే. సరిహద్దులో ఉండేవాళ్లకి తెలుసు, ముందు గదిలో ఒడిశా టవరు, పెరట్లో ఆంధ్రా టవరు, ఫోను రెండిటి మధ్యా ఊగుతూ ఉంటుంది. రోజుకి 2 జీబీ ప్యాక్‌తో 50 జీబీ గేమ్ దించాలంటే 25 రోజులు. దానికి తోడు బజైట్ సిస్టమ్ అప్‌డేట్‌లు జీబీల్లో ఉంటాయి, గ్రాఫిక్స్ చిప్ కోసం ముందే సిద్ధం చేసిన షేడర్ ఫైళ్లు కూడా స్టీమ్ దించుతుంటుంది. ఆ షేడర్లు దండగ కాదు. గేమ్ మధ్యలో కొత్త చోటికి వెళ్లినప్పుడు ఠక్కున ఆగకుండా ఉండేది వాటివల్లే. 2022లో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు పీసీల మీద అలాంటి ఆగుడు గురించి అందరూ మొత్తుకుంటుంటే, వాల్వ్ ప్రోటాన్ వైపు నుంచి సర్దడంతో స్టీమ్ డెక్ మీద అది బాగా తగ్గింది.

దీనికి దారి స్టీమ్‌లోనే ఉంది. 2023 నుంచి ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న రెండు మిషన్ల మధ్య గేమ్ ఫైళ్లు నేరుగా పంపించుకోవచ్చు. స్నేహితుల మధ్య కూడా కుదురుతుంది, తీసుకునేవాడి అకౌంట్‌లో ఆ గేమ్ ఉండాలి. ప్రోటాన్‌తో నడిచే గేమ్‌కి కావాల్సినవి విండోస్ ఫైళ్లే కాబట్టి అన్నయ్య విండోస్‌లోంచి కుర్రాడి లినక్స్‌కి అవే వస్తాయి. కౌంటర్-స్ట్రైక్ లాంటి సొంత లినక్స్ వెర్షన్ ఉన్నవాటికి మాత్రం ఈ లాభం పూర్తిగా ఉండదు. ల్యాన్ పోర్టు ఉన్న హబ్ ఒకటి కొనిపించాను. గిగాబిట్ కేబుల్‌తో 50 జీబీ అంటే కాగితం మీద ఏడు నిమిషాలు. అన్నయ్య గేములు పాత హార్డ్ డిస్క్ మీద ఉన్నాయి, కాబట్టి టీ తాగి కబుర్లు చెప్పుకునేంత సేపు పట్టిందట.

సిస్టమ్ అప్‌డేట్‌ని ఆటోమేటిక్ నుంచి తీసేశాను. షాపులో ఫైబర్ ఉంది, ఊరికి వచ్చినప్పుడు తెచ్చి ఇక్కడే చేసుకుంటున్నాడు. ఒకసారి అప్‌డేట్ తర్వాత వైఫై మొండికేస్తే హాస్టల్లో ఎవరిదో కీబోర్డు తగిలించి బూట్ మెనూలో పాత ఇమేజ్ ఎంచుకున్నాడు, నేను ఫోన్లో ఉన్నాను.

ఇది చూసి అతని క్లాస్‌మేటు ఇంకో అలై పట్టుకొచ్చాడు, తనకీ బజైట్ కావాలన్నాడు. లిస్టు రాయించాను. మొదటి వరసలో వాలరెంట్, రెండో వరసలో ఫోర్ట్‌నైట్, మూడోది జీటీఏ ఆన్‌లైన్. ఆ మిషన్లో విండోస్ అలాగే ఉంచాను. అనవసరంగా మొదలయ్యే ప్రోగ్రాములు తీసేసి, పవర్ బటన్‌ని స్లీప్ నుంచి హైబర్నేట్‌కి (ఉన్నదంతా డిస్క్‌లో దాచి మిషను పూర్తిగా ఆపేది) మార్చి, బ్యాటరీ ఛార్జింగ్ 80 దగ్గర ఆపి, ఫ్యాను జాలీలో దుమ్ము ఊది ఇచ్చాను. "మరి లినక్స్ అన్నయ్యా?" అన్నాడు. నీ లిస్టు మారినప్పుడు తీసుకురా అన్నాను.